బొమ్మ అలుక్కుపోయిన టీవీ

మార్చుకోవడానికి ఆటోలో తెచ్చిన పాత టీవీని సెకండ్ హ్యాండ్ కొట్టు జంగయ్య బల్లమీద పెట్టి ప్లగ్గు గుచ్చాడు.

"దీని ట్యూబు పోయిందయ్యా. నీకు తోచిందిచ్చి, బొమ్మ బాగున్నదొకటి చూపించు," అన్నాడు రామబ్రహ్మం. టీవీ చూసే తీరిక ఆయనకెక్కడిది? భార్య సుబ్బలక్ష్మి పోరు పడలేక ఆవిణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాడు. కొత్తది కొనే తాహతు లేదు.

తెర వెలిగింది. వార్తలు చదివే అమ్మాయి చెవులకున్న జూకాలు కూడా తళతళమంటున్నాయి.

"ఏంది సార్, గింత సాఫ్‌గ వస్తుంటే ట్యూబు పోయిందంటరు?"

సరిగ్గా అప్పుడే సుబ్బలక్ష్మి అంది: "చూశారా, మొహమే తెలియడం లేదు."

రామబ్రహ్మం తెరవంక చూశాడు, ఆవిడవంక చూశాడు. జంగయ్య నవ్వి పక్కనున్న టీవీ వేశాడు.

"ఇది జూడమ్మా. జర వాడిన్రు గంతే, కొత్త దాని లెక్కనే ఉంటది."

ఆవిడ దగ్గరకెళ్లి వంగి చూసింది. "దీనికీ అదే జబ్బండీ. వేరే కొట్టుకి పోదాం."

రామబ్రహ్మం ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి తీసుకొచ్చాడు. రాత్రి వానకి మాదాపూరంతా కడిగిపెట్టినట్టుంది. రోడ్డుకవతల కొత్తగా లేచిన అద్దాల మేడ ఎండలో ధగధగలాడుతోంది.

"ఎదురుగా ఏముందో చెప్పు, లక్ష్మీ."

"ఏం కనపడి చస్తుందండీ, ఈ కట్టడాల దుమ్ములో!" విసుక్కుంది సుబ్బలక్ష్మి, పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటూ. "ఎప్పటికి తగ్గుతుందో ఏమో!"