తిప్పకు చేరని బెండ్లు

బెండు ముక్కలు ఈసారి కూడా తిప్పకు చేరలేదు.

మోకాలి లోతు గోదావరిలో నిలబడి బాలకిషన్‌రావు తల పట్టుకున్నాడు. ఆ ఇసుక తిప్ప చుట్టూ కట్టిన వలలో నాచు చిక్కింది, ఆకులు చిక్కాయి. ఆయన వదిలిన రంగు బెండ్లు మాత్రం ఆవలి ఒడ్డు వెంట తాపీగా సాగిపోయాయి.

హైదరాబాద్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి. పారే నీళ్లలో సన్నటి రేణువులు ఎలా తిరుగుతాయన్నది ఆయన పరిశోధన. ఒక్క రేణువు ఎటు కొట్టుకుపోతుందో ఎవరూ చెప్పలేరట. వెయ్యి రేణువులు వదిలితే ఎక్కువ భాగం ఎక్కడికి చేరతాయో లెక్క కట్టి చెప్పొచ్చట. సెలవులకని లక్సెట్టిపేట పక్కనున్న సొంతూళ్లో, గోదావరి ఒడ్డునున్న తాతల నాటి గడీ బంగళాకు వచ్చినా ఇదే గోల. వినీ వినీ భార్య చెవుల్లో దూది పెట్టుకుంది.

ఆ గోల ఊళ్లో పాకి, దుర్గవ్వ వచ్చి కాళ్ల మీద పడింది. ఆమె బిడ్డ అనసూర్య శవం ఈ తిప్ప మీదే దొరికింది. చాకిరేవులో దూకి చచ్చిందని పోలీసు పటేలు తేల్చేశాడు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చినా ఊళ్లో పటేలు మాటే చెల్లుబాటు. రేపు ఠాణా నుంచి జమేదారు వచ్చి అదే రాసుకుపోతాడు.

“నా బిడ్డ దుంకలే దొరా. యాడికెల్లి కొట్టుకొచ్చిందో జర నువ్వే జెప్పాలె.”

చెప్తానని మాటిచ్చాడు. పొద్దుటి నుంచి చాకిరేవులో ఎర్ర బెండ్లు వదిలాడు, పడవల రేవులో పసుపువి, కాటిరేవులో నీలివి. ఒడ్డు వెంట పరుగెత్తి పరుగెత్తి కాళ్లు పుళ్లయ్యాయి. ఏ రంగూ తిప్ప మొహం చూడలేదు.

ఊరికి ఉన్నవి ఆ మూడు రేవులే. పిల్ల వాటిలో ఏదో ఒకచోట నీళ్లలో పడి ఉండాలి. మరి బెండ్లెందుకు రావు? ఇన్నేళ్లు నమ్మిన సూత్రం ఉత్తదేనా? ఇక కాలేజీలో ఏ మొహంతో పాఠం చెప్పాలి? అంతకన్నా, ఒడ్డున కూర్చున్న ఆ తల్లికి ఏం చెప్పాలి?

పొద్దు వాలుతోంది. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

“నాతోని అయితలేదు, దుర్గవ్వా. నా లెక్కల్నే ఏదో తప్పున్నది. రేవులన్నీ అయిపోయినయి. రేపు పటేలు చెప్పిందే ఖాయమైతది.”

దుర్గవ్వ లేచింది. సంచిలో రంగు వేయకుండా మిగిలిన బెండ్లను దోసిట్లోకి తీసుకుంది.

“నీ కాల్మొక్త దొరా, నా బిడ్డ గా పొద్దు మీ గడీల బోళ్లు తోమనీకి వచ్చింది, జర మీ పెరటి మెట్ల మీదికెల్లి గూడ ఒక్కపారి ఇడిసి సూడుండ్రి.”