కుడి అంచు పెద్దాయన

“మళ్లీ కోసేశావ్! ఈసారి చెవి కూడా మిగల్లేదు!” పెళ్లికూతురి మేనత్త ప్రింటును బల్ల మీద ఠపీమని కొట్టింది.

స్టూడియో ఆపరేటర్ నుదురు తుడుచుకున్నాడు. పెళ్లి గ్రూపు ఫోటోలో పాతికమంది. ఇరవై నలుగురు శుభ్రంగా వస్తున్నారు. కుడి అంచున కోటు వేసుకుని, ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్న పెద్దాయన మాత్రం ఎంతకీ కాగితం మీదికి దిగడం లేదు.

“బొమ్మ కాగితం కన్నా పెద్దది, కొంత తెగుతుంది అంటోందమ్మా సాఫ్ట్‌వేరు. పోనీ, ఈయన్ని వదిలేస్తేనో?”

“ఇంకా నయం! ఆయన మగపెళ్లివారి పెద్ద. సాయంత్రం మా వియ్యపురాలి చేతిలో ఈ ఫోటో పెట్టాలి. ఆయన్ని కోసేస్తే మా పిల్ల కాపురంలో నిప్పులు పోసినట్టే!”

ఆపరేటర్ మార్జిన్లు తగ్గించాడు. పెద్దాయన వచ్చాడు గానీ, ముఖం వంకాయ రంగులో వచ్చింది.

“రంగుల్ని సాఫ్ట్‌వేరూ దిద్దుతోంది, ప్రింటరూ దిద్దుతోందమ్మా. కూరలో ఇద్దరూ ఉప్పేసినట్టు.”

“మరి పక్కనే ఉన్న మా ఆయన మామూలుగానే ఉన్నాడే! ఉప్పంతా ఈయన ముఖానికేనా?”

ఆపరేటర్ గబగబా మళ్లీ ప్రింటు కొట్టాడు. ఈసారి సరిగ్గా ఆ పెద్దాయన ముక్కు మీదే తెల్లగీత పడింది. అప్పుడే గది చివర నల్ల పరదా వెనక నుంచి భారీ త్రేన్పు ఒకటి వినిపించింది.

“ఏవిటది?”

“పాత ప్రింటరమ్మా! కాగితం మింగితే అలాగే అంటుంది.”

మేనత్తకి ఓపిక నశించింది. “జరుగు!” అంటూ మౌసు లాక్కుంది. కళ్లజోడు సర్దుకుని తెర మీది మాటలు కూడబలుక్కుంది. “కాగితానికి సరిపడేలా కుదించు... ఓరి నీ తెలివి తెల్లారా! ఈ గడిలో టిక్కు పెడితే చాలుగా!”

తర్వాతి ప్రింటులో పెద్దాయన పళ్లతో సహా దిగాడు. ఆపరేటర్ ముఖం పాలిపోయింది.

అంతలో సాయంత్రం దాకా ఆగలేక వియ్యపురాలే తలుపు తోసుకుని వచ్చింది.

“చూడండి వదినగారూ, మీ పెద్దాయన నవ్వు!” అంది మేనత్త గర్వంగా.

“మా పెద్దాయనేంటి? మీవాడు కదూ? మీవాడనే కదా, పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించాను!”

ఇద్దరూ ఒక్కసారిగా ఫోటో మీదికి వంగారు.

“పిలవని పేరంటమా! దొరికితే కాళ్లు విరగ్గొడతా!” మేనత్త లేచింది.

వియ్యపురాలికి అప్పటికే నవ్వాగడం లేదు. “ఉండనీండి వదినా. అప్పగింతల్లో అందరం ఏడుస్తుంటే పిల్లని నవ్వించింది ఈయనొక్కడే!”

మేనత్త ఒక్క క్షణం నవ్వు బిగబట్టి, తనూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. “బాబూ, ఈయనెవరో నీకేమైనా తెలుసా?”

“నాకెలా తెలుస్తుందమ్మా!”

ఇద్దరూ ఇంకో కాపీ కొట్టించుకుని, చెరొకటి పట్టుకుని, నవ్వుతూనే వీధి మలుపు తిరిగారు. ఆపరేటర్ తలుపు గడియ పెట్టి, నల్ల పరదా పక్కకి లాగాడు.

“నాన్నా, వెళ్లిపోయారు, బయటికి రా!”