అతికిన పోగు

ఊరికి కట్టు వేసి నాలుగు రోజులైంది.

గత్తర, అదే కలరా, లోపలికి రాకూడదని మెట్‌పల్లి బాట మీద, పొలిమేరలో వేపమండల తోరణం కట్టారు. బయటివాళ్లు దాన్ని దాటి రాకూడదు. లోపలివాళ్లు దాటి పోకూడదు.

గత్తర మాత్రం ఎవరినీ అడక్కుండానే సాలెవాడలోకొచ్చి ముగ్గురిని పట్టుకుపోయింది.

రజాకార్ల గోల సద్దుమణిగి మూడేళ్లయిన కాలం అది.

ఆ పొద్దున తోరణం కింద నుంచి ఒకడు తాపీగా నడిచొచ్చాడు. చంకలో సంచి. ముఖం నిండా అమ్మవారి మచ్చలు. ఒక కన్ను లేదు.

"ఆగు! ఎవలు నువ్వు?" హనుమండ్లు కర్ర అడ్డం పెట్టాడు.

హనుమండ్లు సాలెల కులపెద్ద. ముప్పై ఏళ్లకే వచ్చిన పెద్దరికం, అందుకే గొంతు కాస్త ఎక్కువ.

"పేతురు అంటరు. మెట్‌పల్లి చర్చిల ఊడుస్త."

"కిరస్తానపోనివా! కట్టు దాటినవ్. గత్తర తెచ్చినట్టే. ఎన్కకు నడువ్."

"గత్తర తోరణం చూసి ఆగుతదా తమ్మీ? అది నీళ్లల్ల ఉంటది. బాయి నీళ్లు కాగవెట్టుకోండ్రని చెప్పనీకి వచ్చిన."

"ఎవనికి తమ్మిరా నేను?"

కర్ర భుజం మీద పడింది. పేతురు భుజం తడుముకున్నాడు.

"గిప్పుడు పోత. రేపు మళ్ల వస్త."

"రేపు గూడ కొడ్త."

"కొట్టు. ఎల్లుండి గూడ వస్త."

అన్నట్టే మర్నాడు వచ్చాడు. ఈసారి హనుమండ్లు భార్య బాలలక్ష్మి తోరణం దగ్గర కాచుకుని ఉంది.

"రావయ్యా, జల్ది రా. మా అత్తకు తెల్లారంగ నుంచి వాంతులు."

హనుమండ్లు మండిపడ్డాడు. "కట్టు తెగుతది! పది మందిల నా ఇజ్జత్ ఏంగావాలె?"

"కట్టు తెగితే మళ్ల కట్టుకుందం. అత్త పోతే తెస్తవా?"

హనుమండ్లు కర్ర పక్కకు తీశాడు.

ముసలమ్మ భూమవ్వ మగ్గం గుంట పక్కన చాప మీద పడి ఉంది. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. వాడలో ఒక్కరూ ఆ గడప తొక్కలేదు. పేతురు చాప కడిగాడు, చీర మార్పించాడు, ఉప్పేసిన గంజి చెంచాతో తాగించాడు. మూడు రోజులు అక్కడే కూర్చున్నాడు. అతడికి దాహమైతే బాలలక్ష్మి దోసిట్లో పైనుంచి నీళ్లు పోసేది. అలా తాగడానికి అతడేమీ చిన్నబుచ్చుకోలేదు.

"మమ్ముల మీ మతంల కలుపుకోనీకే గదా గీ సేవంత?" హనుమండ్లు గుమ్మం నుంచే దెప్పాడు.

"కాదు. మా యేసయ్య నేను మంచోన్నని చేరదీయలే తమ్మీ. మీరు మంచిగుంటెనే వస్తనంటే నాకు సిగ్గుచేటు."

మగ్గం మీద పడుగు పోగొకటి తెగి వేలాడుతోంది. తల్లి పడిపోయిన రోజు తెగింది, అట్లాగే వదిలేశారు. మాట్లాడుతూ మాట్లాడుతూ పేతురు చెయ్యి దాని మీదికి పోయింది.

"ముట్టకు! మగ్గం మైలైతది."

"తప్పైంది తమ్మీ."

మూడో రోజు భూమవ్వ లేచి కూర్చుంది. పేతురు చెయ్యి తడిమి తడిమి పట్టుకుంది, ఎంతకూ వదల్లేదు.

"తిన్నవా కొడుకా?"

"తిన్ననవ్వా."

ఆ మధ్యాహ్నం హనుమండ్లు పొలిమేర కాపలాకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పేతురు గోడకు చేరగిలబడి వాంతి చేసుకుంటున్నాడు. వాడంతా గుమిగూడింది.

"బయట పడేయండ్రి!" ఎవరో అరిచారు.

హనుమండ్లు వద్దనలేదు. తల్లి బతికింది, ఇక వాడితో ఏం పని?

"ఎవలు ముట్టకుండ్రి. నేనే పోత," అన్నాడు పేతురు. "నీళ్లు మాత్రం కాగవెట్టుకోండ్రి."

గోడలు పట్టుకుంటూ నడిచాడు. తోరణం అవతల పాడుబడ్డ కొట్టంలో ఒరిగిపోయాడు.

బాలలక్ష్మి గంజి ముంత ఎత్తుకుంది.

"నువ్వు గిట్ల దాటితే మళ్ల ఇంట్లకు రానియ్య!" హనుమండ్లు కేకేశాడు.

"రానియ్యకు. గాడనే ఉంట."

తోరణం దాటి పోయింది. కాసేపటికి ముంత నిండుగానే తెచ్చి మొగుడి ముందు దించింది. భార్య ఏడుపు చూసి హనుమండ్లు ఇంట్లోకి రావద్దనలేకపోయాడు.

మెట్‌పల్లి చర్చివాళ్లు బండి తెచ్చి పేతురు శవాన్ని తీసుకుపోయారు.

పేతురు చెప్పినట్టే వాడలో ఆడవాళ్లు నీళ్లు కాగబెట్టుకున్నారు. ఆ తర్వాత ఒక్క చావు కూడా లేదు. అంతా తోరణం మహిమ అన్నారు మగవాళ్లు.

వారం తర్వాత హనుమండ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు.

తెగిన పోగు అతికి ఉంది!

బూడిద అద్ది, ఎడమవైపు మెలిపెట్టి అతికిన పోగు. వాడలో అందరిదీ కుడి మెలి. ఎడమ మెలి తన తండ్రి ఒక్కడిదే. తండ్రి పోయి పదేళ్లయింది. హనుమండ్లుకు ఆ మెలి రానే రాదు.

లేచి తల్లి దగ్గరికొచ్చాడు.

"అవ్వా, గా పేతురు ఎవలే?"

భూమవ్వ ముఖం ఇటు తిప్పింది.

"నీకు ఎర్కేనా?"

"కండ్లు కనవడకపోతే చెయ్యి తెల్వదారా? మొదటి దినమే ఎర్కైంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఎల్లగొడ్తుంటివి. చెప్పకుంటెనే మూడొద్దులు నా కాడ కూసున్నడు."

"ఎవలవ్వా?"

భూమవ్వ చాప మీద, పేతురు కూర్చున్న చోటును తడిమింది.

"నువ్వు మూడేండ్ల పోరనివి, నీకు యాదికుండదు, కిరస్తానం పుచ్చుకున్నడని బతికుండంగనే మేము దినాలు చేసిన నీ అన్న అంబదాసు రా గాడు."