బొట్టు లేని సుత్తె

నాంపల్లి స్టేషన్ వెనక రేకుల షెడ్డులో పాత ఫ్రిజ్ కంప్రెసర్లు పగలగొట్టి రాగి తీసేవాడు రాజనర్సు. ప్రతి దసరాకూ సుత్తెకు, ఇనుము కోసే ఉలి లాంటి శానానికి బొటనవేలితో పెద్ద బొట్టు పెట్టేవాడు. అతను పోయాక ఇదే మొదటి దసరా. భార్య యాదవ్వ కుంకుమ భరిణె తీయబోతే పక్క షెడ్డు బాలకిషన్ అడ్డుపడ్డాడు.

"మొగడు లేనిదానివి, నువ్వు పెట్టొద్దు వదినా. బొట్టు లేని సుత్తెతోని పని గూడ జెయ్యొద్దు."

"గట్లయితే తిండెవరు పెడ్తరు? నువ్వా?" అని యాదవ్వ తలుపేసుకుంది.

చీకటి పడింది. లాంతరు పక్కన పెట్టుకుని ఒక కంప్రెసర్‌ను బోర్లించి తెగిన గొట్టంలోంచి నూనె వంచింది. అప్పుడు అది మోగింది. దాని వైర్లు తెగి వేలాడుతున్నాయి. షెడ్డుకు కరెంటే లేదు. అయినా గుయ్యిమని ఒకటే మోత.

"మోగు. నీ రాగి ఇడిశిపెడ్తననుకున్నవా?"

కంపెనీలోనే వెల్డింగు చేసి మూసేసిన ఉక్కు డబ్బా అది. అతుకు మీద శానం పెట్టి కొట్టింది. దెబ్బ దెబ్బకూ మోత పెరిగింది. చివరికి మూత ఊడింది.

లోపల రాగి చుట్ట మీద బొటనవేలంత కుంకుమ బొట్టు ఉంది. ముట్టుకుంటే ఇంకా తడిగానే ఉంది.

"ఏందా సప్పుడు వదినా?" బయట బాలకిషన్ తలుపు బాదుతున్నాడు.

యాదవ్వ ఆ కుంకుమను వేలితో తీసి తన నుదుట దిద్దుకుంది. మోత ఆగిపోయింది.

మరుక్షణం మూలనున్న కంప్రెసర్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

"ఆగున్రి," అంటూ ఆమె సుత్తె అందుకుంది. "ఒక్కొక్కటే తీస్త."