నూట పన్నెండో పేజీ

"ఆ జవాబు తప్పు తల్లీ."

ఎదుటి సీట్లో పెద్దాయన ముందుకు వంగి, ఎర్ర పెన్నుతో ఆమె పుస్తకం మీద గీత పెట్టబోయాడు.

ఆమె పుస్తకాన్ని చటుక్కున ఒళ్లోకి లాక్కుంది.

"ఏంటండీ ఇది? గంటలో పరీక్ష ఉంది నాకు."

"తెలుసమ్మా. అందుకే ఈ రైలెక్కాను."

ఆ మాటకి అర్థమేంటో ఆమెకి తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు.

రైల్వే ఉద్యోగానికి ఆమె రాస్తున్న ఐదో పరీక్ష ఇది. ఇదే ఆఖరిది కూడా. వచ్చే నెలకి వయసు దాటిపోతుంది. ఇంట్లో అన్నయ్య ఏమీ అనడం లేదు. వదినా అనడం లేదు. అనేస్తే బాగుండేది, ఆ అనకపోవడమే ఆమెని తినేస్తోంది.

చేతిలో ఉన్నది నీలం అట్ట పుస్తకం.

ఈ పరీక్షలు రాసేవాళ్లకి అదే వేదం. "నీలం అట్ట ఉందా?" అంటే చాలు, ఏ షాపువాడైనా తీసిస్తాడు. పేరూ ఊరూ ఎవరిక్కావాలి? ప్రశ్నపత్రంలో లెక్కలు సగం అందులోంచే దించుతారని అందరికీ నమ్మకం. ఆమె లెక్కలతో పాటు జవాబులు కూడా కంఠతా పట్టేసింది. ఆరేళ్ల చదువు మరి.

నూట పన్నెండో పేజీలో రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తున్నాయి. మొదటిది గంటకి నలభై కిలోమీటర్లు, పొడవు రెండొందల మీటర్లు. రెండోది యాభై కిలోమీటర్లు, పొడవు నూట యాభై. మొదటి రైల్లో కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని రెండో రైలు ఎన్ని సెకన్లలో దాటుతుంది?

పద్నాలుగు అని ఉంది పుస్తకంలో.

"పద్నాలుగు కాదు, ఆరు," అన్నాడు పెద్దాయన.

"ఎదురెదురుగా వస్తే వేగాలు కలపాలి, పొడవులూ కలపాలి. ఆ మాత్రం నాకూ తెలుసు."

"రైలు రైలుని దాటితే కలపాలి. ఇక్కడ దాటేది మనిషిని. కూర్చున్నవాడికి తన రైలు ఎంత పొడవుంటే ఏం?"

అంతలో పక్క పట్టాల మీద ఎదురు రైలు వచ్చింది. పెద్దాయన వాచీ చూస్తూ పైకే లెక్కపెట్టాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... అయిపోయింది. దాని తోక మన కిటికీ దాటేసింది. మన వెనక పెట్టెలని అది ఇంకా దాటుతూనే ఉంది, నిజమే. దాంతో నీకేం పని తల్లీ?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"అంత పుస్తకం రాసినాయనకి తెలియనిది మీకు తెలుసా?"

పెద్దాయన పెన్ను మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"తెలియక కాదు. తొందరలో ఉండుంటాడు. తర్వాత దిద్దుకోవచ్చులే అనుకునుంటాడు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని గొణుక్కుని ఆమె పేజీ తిప్పేసింది.

స్టేషన్ వచ్చింది. ఆమె లేచింది.

"ఒక్క గీత తల్లీ. నువ్వే గీసుకో." పెన్ను చాపాడు.

ఆమె తీసుకోలేదు. ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే కిటికీలోంచి గొంతు వినిపించింది.

"ఆరు తల్లీ, ఆరు."

పాపం, పిచ్చెక్కినట్టుంది అనుకుంది.

పరీక్షలో నలభై మూడో ప్రశ్న. అవే రైళ్లు, అదే కిటికీ. ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఆరూ ఉంది, పద్నాలుగూ ఉంది.

ఆమె పెన్ను ఆగింది. లెక్కపెడుతున్న ఆ గొంతు ఒక్క క్షణం చెవిలో మెదిలింది. వేసి చూద్దామా అనుకుంది. గడియారం చూసింది. ఇంకా యాభై ఏడు ప్రశ్నలున్నాయి.

పద్నాలుగు దగ్గర చుక్క నింపేసింది.

రెండు నెలలకి ఫలితాలొచ్చాయి. ఒక్క మార్కులో పోయింది.

"పోనీలే," అన్నాడు అన్నయ్య. వదిన కంచం పెట్టి పిలిచింది. ఆమె వెళ్లి దుప్పటి కప్పుకుని పడుకుంది. ఏడుపు కూడా రాలేదు.

వారం తర్వాత నీలం అట్ట పట్టుకుని, అది కొన్న పుస్తకాల షాపుకి వెళ్లింది.

"ఇది నాకింక పనికిరాదండీ. ఎవరికైనా ఇచ్చేయండి."

షాపాయన పుస్తకం అందుకున్నాడు. అలవాటుగా నూట పన్నెండో పేజీ తీశాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి పద్నాలుగు కొట్టేశాడు. పక్కన ఆరు అని రాశాడు.

ఆమె ఆ పెన్నుకేసి చూసింది.

"ఈ... ఈ పెన్ను ఎక్కడిదండీ?"

"ఒక పెద్దాయనదమ్మా. నెలకోసారి వచ్చి, నా దగ్గరున్న కాపీలన్నీ తిరగేసి ఇదొక్కటీ దిద్ది వెళ్లేవారు. అచ్చువేసేవాళ్లకి ఎన్ని ఉత్తరాలు రాశారో లెక్కలేదు. పుస్తకం అమ్ముడుపోతోందిగా, ఎవరు వింటారు? పరీక్షల రోజున రైళ్లెక్కి, ఎవరి చేతిలో కనిపిస్తే వాళ్ల పుస్తకం దిద్దేవారు. కొందరు గీయనిచ్చేవారు, కొందరు కసిరేవారు."

"ఆ లెక్క... ఆరేనా?"

"ఆరేనమ్మా."



"ఆయన మళ్లీ ఎప్పుడొస్తారండీ? నేనొకసారి కలవాలి."

"పోయిన నెల పోయారమ్మా. మంచంలో ఉండి ఈ పెన్ను నాకు పంపించారు."



"ఎవరండీ ఆయన?"

షాపాయన పుస్తకం మూసి ఆమె వైపు తిప్పి, ఆరేళ్లుగా రోజూ చేతిలో ఉన్నా ఆమె ఏనాడూ చదవని పేరు మీద, ఆ నీలం అట్ట మీద, వేలు పెట్టాడు.