ఉయ్యాల రంగు

మూడోసారి కూడా అదే అంకె వచ్చింది. కెమిస్ట్రీ ప్రొఫెసరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. పిల్లల ఉయ్యాలలకూ బొమ్మలకూ వేసే రంగు అది. అందులో సీసం ఉండదగ్గదానికి నలభై రెట్లుంది.

డబ్బా పంపింది ఆయన ఆరేళ్లుగా సలహాదారుగా ఉంటున్న రంగుల కంపెనీ. ఆరేళ్లలో ల్యాబుకు డబ్బా రావడం ఇదే మొదలు. ఎప్పుడూ సంతకానికి కాగితాలే వచ్చేవి. ఈసారి మాత్రం, "మీ చేత్తో పరీక్షించి ఉన్నదున్నట్టు రాయండి మాస్టారూ," అని డైరెక్టరే ఫోన్ చేశాడు.

"రాస్తే పదవి ఊడుతుంది," అన్నారాయన ఇంట్లో, భోజనాల దగ్గర.

ఆయన భార్య పిల్లల ఆసుపత్రిలో నర్సు. కంచంలోంచి తలెత్తలేదు.

"ఊడనీండి. ఇన్నాళ్లూ వాళ్లు తానా అంటే మీరు తందానా అన్నారు. ఒంట్లో సీసం చేరిన పిల్ల మా వార్డులో ఉంది. ఐదేళ్లొచ్చినా మాట పెగలట్లేదు. వచ్చి చూస్తారా?"

ఆయన చూడటానికి వెళ్లలేదు. రిపోర్టు మాత్రం రాశారు: 'ఈ రంగు పిల్లలున్న చోట వాడరాదు.'

సలహాదారుల సమావేశంలో అది పైకి చదివారు. మిగతా ఇద్దరు ప్రొఫెసర్లూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. చదవడం అయ్యాక డైరెక్టరు లేచి వచ్చి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఇంత నిక్కచ్చిగా చెప్పే మనిషే మాకు కావాలి మాస్టారూ. రేపే పత్రికలకిస్తాం. మీ పేరుతోనే."

తన తప్పును తానే ఊరంతా చాటుకునే కంపెనీని ప్రొఫెసరుగారు ఎక్కడా చూడలేదు. ఇలాంటి మనిషినా ఇన్నాళ్లూ అనుమానించానని సిగ్గుపడ్డారు. వరండాలోకి వచ్చి భార్యకు ఫోన్ చేశారు.

"నా మాట విన్నారోయ్. నేనే అనవసరంగా హడలిపోయాను."

గదిలోకి తిరిగొచ్చి, డైరెక్టరు పక్కనే కూర్చున్నారు.

"అయితే తయారీ ఎప్పట్నుంచి ఆపుతున్నారు?"

"మనమెందుకు ఆపడం? అది అవతలి కంపెనీ సరుకు మాస్టారూ. పైన పేరు చెరిపి పంపించాం."

ప్రొఫెసరుగారు మెల్లగా అడిగారు.

"మరి మన ఉయ్యాల రంగులో సీసం లేదా?"

డైరెక్టరు తాపీగా నవ్వాడు.

"లేదని పోయినేడాది మీరేగా సంతకం పెట్టారు."