పచ్చరాయి పుట్టిల్లు

ఏమండీ, మిమ్మల్నే. మీరు మహా గడుసువాళ్లు, మిమ్మల్ని బురిడీ కొట్టించే మొనగాడు ఇంకా పుట్టలేదు. అంతేనా? రాళ్ల షెడ్డు బాబాయి కూడా అచ్చం ఇలాగే అనుకున్నాడు.

ఆ రాగి గనిలో ఆయన్ని బాబాయి అని పిలవనివాళ్లు లేరు, మేనేజరుతో సహా. బోరు వేసి పైకి తీసిన రాతికడ్డీలను పెట్టెల్లో పేర్చి, ఎంత లోతువో వాటిమీద రాసి, కాపలా కాయడం ఆయన పని. చదివింది ఐదో తరగతి, అదీ రెండుసార్లు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లతో "రాళ్లు బెదురుతాయి సార్, గట్టిగా మాట్లాడకండి" అని చెప్పి, వారం రోజులు వాళ్లచేత గుసగుసలాడించిన ఘనుడు.

ఇప్పుడు నవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు. గనిలో రాగి అడుగంటింది. ఆఖరి బోరు కూడా వేసేశారు. దాని రాళ్లు మంచి కబురు చెబితే ఇంకా లోతుకు తవ్వుతారు. లేదంటే నెలాఖరుకి తాళం. తాళం పడితే కంపెనీ క్వార్టరు పోతుంది, దాని ఎదురుగా ఉన్న ఆసుపత్రీ పోతుంది. పక్షవాతంతో మంచం పట్టిన పెళ్లాన్ని ఎత్తుకుని ఎక్కడికి పోవాలో బాబాయికి తెలీదు.

కబురు తేల్చాల్సింది లాబులో పనిచేసే అమ్మాయి. రాళ్ల డాక్టరమ్మ అంటారంతా. ఆ మధ్య ఒకసారి బాబాయే అడిగాడు.

"ఈ పచ్చమచ్చల్లో ఏం చూస్తావు తల్లీ? నాచు పట్టినట్టున్నాయి."

"ఇది క్లోరైటు బాబాయ్. రాగిని పుట్టించిన వేడికి దగ్గర్లో పుట్టిందనుకో, ఇందులో టైటానియం ఎక్కువుంటుంది. దూరంగా పుడితే తక్కువ. మిషన్లో పెట్టి చూస్తే కొలిమి ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది."

"అంటే పిల్ల తీరు చూసి పుట్టింటి సంగతి చెప్పడమన్నమాట."

"అంతే. రాయి అబద్ధం ఆడదు బాబాయ్."

రాయి ఆడదు. నిజమే. బాబాయి మాత్రం అలాంటి ఒట్టేమీ పెట్టుకోలేదు.

షెడ్డు వెనక వరసలో ముప్పై ఏళ్లనాటి పెట్టెలున్నాయి. రాగి దండిగా దొరికిన రోజులవి. మధ్యాహ్నం భోజనాల సైరను మోగి అందరూ వెళ్లగానే, బాబాయి ఆ పెట్టెల్లోంచి పచ్చమచ్చల ముక్కలు ఏరాడు. పాత అంకెలు గీకేశాడు. ఆఖరి బోరు లోతులు ఎర్ర పెన్సిలుతో రాసి, ఆ బోరు పెట్టెల్లో సర్దాడు. ఒకేసారి కొలిమి పక్క రాళ్లు పెడితే అనుమానం రాదూ? అందుకని మొదటి వారం దూరపువి. రెండో వారం కాస్త దగ్గరివి.

డాక్టరమ్మ వారానికోసారి వచ్చేది. బాబాయి ముక్కల్ని సంచిలో వేసి, మూతి బిగించి ఇచ్చేవాడు.

"బాబాయ్, టైటానియం పెరిగింది!" అంది రెండో వారం.

"ఊరుకో తల్లీ, ముసలాడితో పరాచికాలా?" అంటూ గుండెమీద చెయ్యేసుకున్నాడు. నటనలో ఆయన్ని మించినవాడు లేడు.

మూడో వారం ఇంకా పెరిగిందట. డాక్టరమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. పాపం, మిషనుకి కళ్లప్పగించి కూర్చుంటోంది కాబోలు అనుకున్నాడు బాబాయి.

"ఇల్లు... ఖాళీ చెయ్యక్కర్లేదుగా?" అని కూడబలుక్కుంటూ అడిగింది పెళ్లాం.

"ఖాళీయా? గోడలకి ఏ రంగు వేయించాలో చెప్పవే ముందు!"

పడిపోని సగం మొహంతో ఆవిడ నవ్వింది. బాబాయి మొహం తిప్పుకున్నాడు. కింద రాగి లేదు, ఉండదు. ఆ సంగతి తవ్వేవాళ్లకి తెలిసొచ్చేసరికి ఏడాది పడుతుంది. ఏడాది చాలు. ఆసుపత్రి డాక్టరు ఆవిడకిచ్చిన గడువు అంతకంటే తక్కువే. ఆ మంచం అక్కణ్ణించి కదలకుండా ఉంటే చాలు.

నాలుగో వారం డాక్టరమ్మ రాలేదు. నెలాఖరు రెండు రోజుల్లోకి వచ్చింది. ఇక ఆగలేక, కొలిమికి ఆనుకుని పుట్టిన అసలు సిసలు ముక్కల్ని సంచిలో వేసుకుని బాబాయే బయల్దేరాడు. దుమ్ముకాళ్లవాళ్లని లాబులోకి రానివ్వరు. ఇన్నేళ్లలో ఆయన ఆ గడప తొక్కడం అదే మొదలు.

తలుపు తియ్యగానే డాక్టరమ్మ ఉలిక్కిపడి లేచి, అడ్డంగా నిలబడింది.

"నువ్వెందుకొచ్చావ్ బాబాయ్? నేనే వచ్చేదాన్నిగా!"

"ఆఖరి ముక్కలమ్మా. వీటినొక్కసారి మిషన్లో పెట్టావంటే..."

ఆమె భుజం మీంచి లోపలికి చూశాడు.

మిషను ఉండాల్సిన చోట నేలలో నాలుగు బోల్టు గుంతలు, వాటినిండా నెలల తరబడి పేరుకున్న దుమ్ము, గోడవారగా ఆయన ఇచ్చిన మూడు సంచులూ కట్టిన ముడి కట్టినట్టే ఉన్నాయి.